మిద్దెతోటలో గుండ్రటి సాలెగూళ్లు: ఏ వలలో ఏ పురుగు పడుతుంది, ఏది ఉంచాలి, ఏది జరపాలి

మిద్దెతోట_కుందలహళ్లి | అక్టోబరు 4, ఉదయం 7:12

నమస్తే అండీ. బెంగళూరు కుందలహళ్లిలో నాలుగంతస్తుల పైన మిద్దెతోట. వానలు ముదిరాక మూడు చోట్ల గుండ్రటి సాలెగూళ్లు లేచాయి.

మొదటిది బీర పందిరికీ పిట్టగోడకీ మధ్య నిలువుగా ఉంది. సాలీడు సుమారు సెంటీమీటరు, పసుపు చారలు. తల కిందికి పెట్టి, కాళ్లు రెండేసి కలిపి ఇంటూ గుర్తులా చాపుకుని పగలూ రాత్రీ అక్కడే ఉంటుంది. వలలో తెల్లటి జిగ్‌జాగ్ కుట్టు ఉంది.

రెండోది మెట్ల గది ట్యూబ్‌లైట్ కింద. రాత్రి ఏడున్నరకి పళ్లెమంత వల, తెల్లారేసరికి ఏమీ ఉండదు. సాలీడు మట్టిరంగు, పొట్ట లావు.

మూడోది తామర తొట్టి మీద, నీళ్లకు జానెడు ఎత్తున, చాప పరిచినట్టు అడ్డంగా ఉంది. వెండిలా మెరిసే సన్న సాలీడు వల కింద వేలాడుతోంది.

బెండకు పేనుబంక, వంగకు తెల్లదోమ ఉన్నాయి. ఈ సాలీళ్లు వాటిని తగ్గిస్తాయా? ముళ్లు లేని తేనెటీగల పెట్టె మొదటి వలకు నాలుగడుగుల దూరంలోనే ఉంది, దానికి నష్టమా? సాయంత్రం చిన్నపిల్లలు తిరుగుతారు, కరుస్తాయా?

---

పడుగు_పేక | అక్టోబరు 4, ఉదయం 9:05

మొదటిది ఆర్జియోపి. బెంగళూరు తోటల్లో ఎక్కువగా కనిపించేది ఆర్జియోపి అనసూజ. జాతి పక్కాగా చెప్పాలంటే పొట్ట పైభాగం, అడుగుభాగం రెండు ఫొటోలూ కావాలి. రెండోది నియోస్కోనా. మూడోది లూకాజ్, వెండి పొట్ట, ఆకుపచ్చ కాళ్లు ఉంటే అనుమానం అక్కర్లేదు.

మీ ప్రశ్నలకు ముందు వల ఎలా తయారవుతుందో చెప్పాలి. ఏ పురుగు పడుతుందో అక్కడే తేలిపోతుంది.

సాలీడు అనే పేరులోనే సాలె ఉంది కాబట్టి మగ్గం మాటల్లోనే చెబుతాను. మొదట గాలికి ఒక పోగు వదులుతుంది. అది అవతలి కొమ్మకు తగులుకుంటే బిగించి వంతెన చేసుకుంటుంది. దాని నడుమ నుంచి కిందికి దిగి మూడు కొమ్మల ఆకారం కట్టి, చుట్టూ చట్రం బిగిస్తుంది. తర్వాత వల నడిబొడ్డు, అంటే నాభి నుంచి చట్రానికి బండి చక్రం ఆకుల్లా పోగులు లాగుతుంది. ఇవి పడుగు. పడుగుకు జిగురు ఉండదు. ఆ తర్వాత నాభి నుంచి బయటికి దూరం దూరంగా ఒక తాత్కాలిక చుట్టు వేస్తుంది, అది కాళ్లు మోపుకోవడానికి పరంజా లాంటిది. చివరగా బయటి నుంచి లోపలికి వస్తూ, ఆ పరంజా కత్తిరించుకుంటూ, జిగురు చుట్టు దగ్గర దగ్గరగా వేస్తుంది. ఇదే పేక.

పడుగు పని పురుగు వేగాన్ని ఆపడం, పేక పని దాన్ని పట్టి ఉంచడం. రెండూ వేరు వేరు గ్రంథుల నుంచి వస్తాయి. పేక పోగు మీద జిగురు పూసల్లా కూర్చుంటుంది. ఆ జిగురులో గాలిలోని తేమను లాక్కునే పదార్థాలు ఉన్నాయి. తేమ పట్టి ఉన్నంతసేపే పేక బాగా సాగుతుంది, బాగా అంటుకుంటుంది. సాగి వదులైన పోగు ఆ పూసల్లోకే చుట్టుకుపోయి మళ్లీ బిగువవుతుందని 1989లో వోల్‌రాత్, ఎడ్మండ్స్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. అందుకే వలలో పడిన ఈగ ఎంత గుంజుకున్నా ఆనుకోవడానికి గట్టి పోగు దొరకదు.

తోటలో ఇలా పనికొస్తుంది: వల సాలీడు కోరుకున్న పురుగును పట్టదు. ఆ సందులోంచి, ఆ వేళకి, ఎగురుతూ వచ్చినదాన్ని పడుతుంది. మీ మూడు వలలూ మూడు దారులకు అడ్డం కట్టినవి.

---

మిత్రపురుగు | అక్టోబరు 4, ఉదయం 10:30

పేనుబంక, తెల్లదోమ సంగతి నేను చెబుతాను.

బెండ ఆకు కింద గుంపుగా ఉండే పేనుబంకలో చాలా భాగానికి రెక్కలు ఉండవు. అది ఆకు వదిలి కదలదు, కాబట్టి వలలో పడదు. పిండినల్లి ఆడదీ అంతే. గుంపు పెరిగి మొక్క వడలినప్పుడు రెక్కల పేనుబంక పుడుతుంది, వలకు తగిలేది అదే. తెల్లదోమ రెక్కలదే అయినా ఎక్కువసేపు ఆకు అడుగునే ఉంటుంది. మొక్క కదిపినప్పుడు లేచి మళ్లీ అక్కడే వాలుతుంది. అందువల్ల గుండ్రటి వల ఉన్నంత మాత్రాన బెండ బాగుపడుతుందని ఎదురుచూడకండి. పేనుబంకకు అక్షింతల పురుగు, దాని పిల్లపురుగు, సిర్ఫిడ్ ఈగ పిల్లపురుగు కావాలి. ఆకు మీద తిరిగి వేటాడే గెంతే సాలీళ్లు, లింక్స్ సాలీళ్లు కూడా పనికొస్తాయి.

వరి పొలంలో లెక్క వేరు. అక్కడ టెట్రాగ్నాథా, ఆర్జియోపి వలలు దుబ్బుల మధ్యే ఉంటాయి, పచ్చదోమ దుబ్బు నుంచి దుబ్బుకు ఎగురుతూ వాటికి తగులుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ నేర్పే పొలం పరిశీలనలో సాలీళ్లను మిత్రపురుగుల కిందే లెక్కేస్తారు. రెండు శత్రుపురుగులకు ఒక మిత్రపురుగు ఉంటే మందు కొట్టకుండా ఆగి చూడమంటారు. మిద్దె మీద కుండీలు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఆ నిష్పత్తిని అలాగే ఇక్కడికి తేలేం.

---

రాత్రి_టార్చ్ | అక్టోబరు 4, మధ్యాహ్నం 1:48

మిత్రపురుగు గారూ, మీరు చెప్పింది చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్కచోట తప్ప. రెక్కల పేనుబంక, తెల్లదోమ, పూత మీది తామరపురుగులు (త్రిప్స్) వలకు అంటుకోవడం మన కంటికి తక్కువ కనిపిస్తుంది. సాలీడు వాటి కోసం పరుగెత్తదు, చుట్టదు. వల విప్పేటప్పుడు పోగులతో పాటే తినేస్తుంది. పట్టిన పుప్పొడి కూడా అలాగే కడుపులోకి పోతుంది. చుట్టిన మూటలను మాత్రమే లెక్కేస్తే చిన్న పురుగులన్నీ లెక్క తప్పిపోతాయి.

విప్పి తినడం గురించి ఇంకో మాట. ఆ పోగు అంతా మాంసకృత్తులే. 1971లో పీకాల్ అనే శాస్త్రవేత్త పోగులకు రేడియోధార్మిక గుర్తు పెట్టి చూస్తే, తిన్న పోగులో చాలా భాగం కొద్దిసేపటికే కొత్త వలలో తేలింది. పాత వలను చీపురుతో లాగేస్తే సాలీడు ఆ సరుకంతా పోగొట్టుకుంటుంది, మర్నాటి వల చిన్నదవుతుంది. నియోస్కోనా వలను తెల్లవారుజామున అదే తినేస్తుంది కాబట్టి మెట్ల దగ్గర చీపురు అవసరం లేదు.

---

మిత్రపురుగు | అక్టోబరు 4, మధ్యాహ్నం 2:20

నిజమే, చిన్నవాటిని తక్కువ లెక్కేశాను. అయినా మొక్క మీద స్థిరపడిన గుంపు మాత్రం వలకు అందదు. పేనుబంకకు వేపనూనె కొడితే ఆకు అడుగున, నేరుగా గుంపు మీదే కొట్టండి. వల వైపు తుంపర వెళ్తే నూనె, సబ్బు పేక జిగురును పాడుచేస్తాయి, ఆ పూటకి వల పనికిరాదు. దోమల పొగమందులో వాడే పైరిథ్రాయిడ్లకు సాలీళ్లు చాలా సున్నితం. పొగ పట్టే రోజు మిద్దె తలుపు మూసి ఉంచడం తప్ప చేయగలిగింది పెద్దగా లేదు.

---

తుట్టె | అక్టోబరు 4, సాయంత్రం 5:55

తేనెటీగల పెట్టె విషయం. ముళ్లు లేని తేనెటీగ నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. గొట్టం మూతి నుంచి బయటికి రాగానే సూటిగా ఒకే దారిలో లేస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు కూడా అదే దారిలో మూతి ముందుకు వచ్చి ఆగుతుంది. ఆ దారికి ఆర్జియోపి వల అడ్డం పడితే రోజూ ఈగలు పోతాయి. పక్కకు ఉంటే పెద్ద నష్టం లేదు. ఉదయం 9 నుంచి 11 లోపు పెట్టె పక్కన నిలబడి, ఈగలు ఏ వైపు లేస్తున్నాయో పది నిమిషాలు చూడండి. వల ఆ గీతలో లేకపోతే ముట్టుకోకండి.

గీతలో ఉంటే సాలీడును జరపండి, పెట్టెను జరపవద్దు. పెట్టె నాలుగడుగులు జరిపినా బయటికి పోయిన ఈగలు పాత చోటికే వచ్చి తిరుగుతాయి.

నియోస్కోనా వల్ల తేనెటీగలకు ముప్పు లేదు. ఈగలు గూటికి చేరాక అది వల కడుతుంది, అవి లేచేలోపు విప్పేస్తుంది.

---

మిద్దెతోట_కుందలహళ్లి | అక్టోబరు 5, ఉదయం 10:40

చూశానండీ. ఈగలు నేరుగా పందిరి వైపే లేస్తున్నాయి, వల సరిగ్గా దారిలోనే ఉంది. 25 నిమిషాల్లో రెండు ఈగలు పడ్డాయి. సాలీడును ఎలా జరపాలి?

---

పడుగు_పేక | అక్టోబరు 5, ఉదయం 11:25

సాయంత్రం ఆరున్నర దాటాక చేయండి. ఎండలో జరిపితే కొత్త చోట వల లేకుండా రోజంతా పిట్టల కంట్లో పడుతుంది.

వెడల్పు మూతి ఉన్న పారదర్శకమైన లీటరు డబ్బా, దాని మూత చాలు. కదిలిస్తే ఆర్జియోపి ఒక పోగు పట్టుకుని ధబ్బున కిందికి జారుతుంది. కాబట్టి డబ్బాను సాలీడు కింద పెట్టి, మూతతో పైనుంచి మెల్లగా తాకండి. అదే డబ్బాలోకి దిగుతుంది. పక్కనుంచి డబ్బా మూసే ప్రయత్నం చేస్తే కాళ్లు నలుగుతాయి, ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు.

కొత్త చోటికి మూడు విషయాలు చూసుకోండి: ఎదురెదురుగా 50 నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో రెండు ఆధారాలు, మధ్యలో ఖాళీ, కింద పూల మొక్కలు. మీ మిద్దె మీద గోంగూర, బంతి మడుల మధ్య ఉన్న సందు సరిపోవచ్చు. డబ్బాను కాడకు ఆనించి పక్కకు వంచి వదిలేయండి. దులపకండి, అదే ఎక్కుతుంది.

ఇప్పుడు అసలైన పని. పాత వలను మధ్యలో చింపితే సరిపోదు. పందిరికీ పిట్టగోడకీ ఉన్న వంతెన పోగు, కింది చట్రం పోగులు అన్నీ వేలితో తీసేయాలి. గట్టి పోగు మిగిలితే కొత్త సాలీడైనా సరే అదే దారిని వాడుకుంటుంది, పది రోజుల్లో మళ్లీ మొదటికొస్తారు. పోగులు తీశాక ఆ సందులోకి ఒక బీర తీగను మళ్లించండి. ఖాళీ లేని చోట గుండ్రటి వల కట్టదు.

కరవడం సంగతి: గుప్పిట్లో నలిపితేనో, బట్టలో ఇరుక్కుంటేనో కరుస్తుంది, తేనెటీగ కుట్టినంత మంట ఉండవచ్చు. మామూలుగా తగ్గిపోతుంది. వాపు పెరిగినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. పిల్లలకు ‘వలను చూడొచ్చు, ముట్టుకోకూడదు’ అని చెబితే చాలు.

---

నల్లగొడుగు | అక్టోబరు 5, రాత్రి 8:10

జరిపే ముందు ఒక ఫొటో, జరిపాక రెండో రోజు ఒక ఫొటో తీయండి. వల కొలతలు పోల్చుకోవచ్చు.

వల ఫొటోలో అందరూ చేసే తప్పు ఆకాశానికి ఎదురుగా తీయడం. పోగు కనిపించదు. వల వెనక ఒక అడుగు దూరంలో నల్ల గొడుగు విప్పి పట్టండి, ఎండ పక్కనుంచి పడేలా నిలబడండి, ఫోన్‌లో వెలుతురు తగ్గించండి. పేక ఒక్కో చుట్టూ లెక్కపెట్టేంత స్పష్టంగా వస్తుంది. వల పక్కనే, అదే తలంలో, 15 సెంటీమీటర్ల స్కేలు పట్టుకోవాలి. స్కేలు ముందుకో వెనక్కో పోతే కొలత తప్పు వస్తుంది.

కొందరు పాత సాక్సులో కార్న్‌ఫ్లోర్ పోసి వల మీద తట్టి తీస్తారు. ఫొటో అద్భుతంగా ఉంటుంది కానీ జిగురంతా పిండితో కప్పుకుపోయి ఆ వల వేటకు పనికిరాదు. పురుగులను లెక్కపెట్టే రోజుల్లో పిండి వద్దు, నీళ్ల స్ప్రే కూడా వద్దు.

---

రాత్రి_టార్చ్ | అక్టోబరు 5, రాత్రి 9:30

లెక్క మాట వచ్చింది కాబట్టి, ఏడు రోజులు చేయదగ్గ పద్ధతి ఇది. మూడు వలలకూ ఒకటే.

రోజుకు నాలుగుసార్లు చూడండి: ఉదయం 6:30, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 9:30. ప్రతిసారీ వల ఉందా లేదా, ఎంత చిరిగింది, కొత్తగా ఏం పడింది, పడినది బతికి గింజుకుంటోందా, మూటగా ఉందా, సాలీడు తింటోందా అని రాయండి. పురుగు పొడవు సాలీడు ఒంటితో పోల్చి రాయండి, సగమా, సమానమా, రెండింతలా అని. దేన్నీ వలలోంచి తీయకండి, తీస్తే ఆకలి మారుతుంది, మర్నాటి వల మారుతుంది. మెట్ల లైటు వెలిగిన వేళ, వాన, గాలి కూడా రాయండి.

పేక సందు కొలవడానికి నాభి నుంచి నేరుగా కిందికి వెళ్లే పడుగును తీసుకోండి. ఆ పోగు మీద లోపలి పేక నుంచి బయటి పేక దాకా 16 సెంటీమీటర్లు, మొత్తం 41 చుట్లు అనుకుందాం. చుట్ల మధ్య సందులు 40 కాబట్టి 160 మిల్లీమీటర్లను 40తో భాగిస్తే 4 మిల్లీమీటర్లు. 41తో భాగించడం మామూలుగా జరిగే పొరపాటు. వల వైశాల్యానికి వెడల్పును ఎత్తుతో గుణించి 0.785తో గుణించండి. 30 వెడల్పు, 36 ఎత్తు అయితే సుమారు 848 చదరపు సెంటీమీటర్లు.

నాభి సరిగ్గా మధ్యలో ఉండదు, నిలువు వలల్లో సాధారణంగా కాస్త పైకి ఉంటుంది. సాలీడు తల కిందికి పెట్టుకుని ఉంటుంది, కిందికి దూకడం పైకి ఎక్కడం కన్నా త్వరగా అవుతుంది, అందుకే కింది భాగం పెద్దది. ఇది భూమి ఆకర్షణతో ముడిపడిన విషయం. 1973లో స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రానికి పంపిన అరబెల్లా, అనితా అనే రెండు తోట సాలీళ్లు బరువు తెలియని చోట కూడా వల కట్టాయి, పోగు మందం మాత్రం అక్కడక్కడా హెచ్చుతగ్గులైంది. తర్వాత అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చూసినప్పుడు, దీపం వెలుగుతుంటే సాలీళ్లు దీపం ఉన్న వైపును పైభాగంగా తీసుకున్నాయి. ఇది చదివితే మీ మెట్ల గది వలను కొత్తగా చూస్తారు.

---

మిద్దెతోట_కుందలహళ్లి | అక్టోబరు 7, రాత్రి 10:05

ఐదో తేదీ సాయంత్రం సాలీడును గోంగూర పక్కకు జరిపాను, ఆరున పొద్దున్నకే వల కట్టింది. మొదటి వలకు పేక సందు 5 మిల్లీమీటర్లు, కొత్తదానికి 4. వెడల్పు కాస్త తగ్గింది. జిగ్‌జాగ్ కుట్టు నాలుగు చేతుల్లో రెండే వేసింది. ఏమైనా ఇబ్బందా?

ట్యూబ్‌లైట్ కింద నిన్న వాన వెలిశాక ఉసిళ్లు పోటెత్తాయి. వల అంతా వాటితో నిండి సగం తెగిపోయింది.

---

పడుగు_పేక | అక్టోబరు 8, ఉదయం 6:50

ఇబ్బంది లేదు. కుట్టు చేతులు ఒకటీ రెండూ నాలుగూ అలా మారుతూనే ఉంటాయి, ఒక్కోరోజు అసలు వేయదు. ఆ కుట్టు ఎందుకన్నది ఇంకా తేలని వాదం. పురుగులను ఆకర్షించడానికని కొందరు, పిట్టలు వలను చూసి తప్పుకోవడానికని కొందరు, సాలీడును దాచడానికని కొందరు అంటారు. ఒక్క కారణమే ఉండాలన్న నియమం లేదు. పాత పుస్తకాల్లో వలను బిగించడానికి అని ఉండేది, ఆ మాట మీద ఇప్పుడు నిలబడేవాళ్లు తక్కువ.

ఉసిళ్ల విషయం. ఈ దాడి వాన తర్వాతి ఒకటి రెండు సాయంత్రాలకే పరిమితం. సాలీడు కొన్నింటిని చుట్టి పెట్టుకుంటుంది, మిగతావాటి బరువుకు పడుగు తెగుతుంది. తెల్లారాక కింద రాలిన రెక్కలను మాత్రం ఊడవండి.

---

రాత్రి_టార్చ్ | అక్టోబరు 8, ఉదయం 8:15

దీపాల దగ్గర వల కట్టడం యాదృచ్ఛికం కాదు. వియన్నాలో ఒక నడక వంతెన దగ్గర చేసిన పరిశీలనలో, రాత్రి తిరిగే గుండ్రటి వల సాలీళ్లు దీపాలున్న చోటనే ఎక్కువగా చేరాయి, అక్కడ పురుగులూ ఎక్కువే పడ్డాయి. కాబట్టి మెట్ల దగ్గర మొహానికి వల తగులుతోందంటే సాలీడును కాదు, దీపాన్ని మార్చాలి. తెల్ల ట్యూబ్ తీసి వెచ్చటి పసుపు ఎల్‌ఈడీ పెట్టండి, మనిషి వచ్చినప్పుడే వెలిగే సెన్సర్ ఇంకా మంచిది. పురుగులు తగ్గితే సాలీడు దానంతట అదే చోటు మార్చుకుంటుంది.

---

మిత్రపురుగు | అక్టోబరు 8, ఉదయం 9:40

తొట్టి మీది లూకాజ్‌ను ఎవరూ పట్టించుకోలేదు. మూడింటిలో దోమల లెక్కకు వచ్చేది అదే. వల అడ్డంగా ఉంది కాబట్టి నీళ్లలోంచి కొత్తగా లేచే చిరుదోమలు కిందనుంచి వచ్చి తగులుతాయి. చెరువుల దగ్గర సాయంత్రం గుంపుగా ఆడే కుట్టని దోమలే ఎక్కువ, వాటితో పాటు కుట్టే దోమలూ పడతాయి.

అలాగని తొట్టిని వలకు వదిలేయకండి. డెంగీ దోమ పగలు కుడుతుంది, సీసా మూతలో నిలిచిన నీళ్లలోనూ పెరుగుతుంది. తొట్టిలో గప్పీ చేపలు వేయండి, మిగతా పళ్లేలు వారానికోసారి బోర్లించి ఆరబెట్టండి.

---

తుట్టె | అక్టోబరు 9, ఉదయం 11:02

వలలో పడ్డాక ఏం జరుగుతుందో ఎవరైనా వివరంగా రాస్తారా? తేనెటీగను చుట్టినప్పుడు ఒకలా, రెక్కలపురుగును (మాత్) పట్టినప్పుడు ఇంకోలా చేస్తుందని విన్నాను.

---

పడుగు_పేక | అక్టోబరు 9, మధ్యాహ్నం 3:30

విన్నది నిజం. ఆర్జియోపి వలలో ఒక చిన్న మిడత పడిందనుకోండి.

వల ఒక్కసారి ఊగుతుంది. నాభిలో ఉన్న సాలీడు ముందు కాళ్లతో పడుగు పోగులను ఒక్కొక్కటిగా లాగి వదులుతుంది, బరువున్న పోగు ఎటుందో దానికి తెలుస్తుంది. ఆ పోగు మీదే పరుగెడుతుంది. దగ్గరికి వెళ్లాక మిడతను ముట్టుకోదు, వీపు తిప్పి పొట్ట చివర దాని వైపు పెడుతుంది. వెనక కాళ్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఆడుతుంటే తెల్లటి పట్టీ బయటికి వస్తుంది. అది ఒక్క పోగు కాదు, సన్నటి పోగులెన్నో పక్కపక్కన వచ్చే రిబ్బన్. మిడతను తిప్పుతూ ఆ పట్టీ చుడుతుంది, మొదట దూకే కాళ్లు కదలకుండా పోతాయి. ఆ తర్వాతే కొరుకుతుంది. కాసేపు ఆగి, మూట చుట్టూ ఉన్న పోగులను కత్తిరించి విడదీస్తుంది. తేలికైనదైతే కోరలతో, బరువైనదైతే పోగుతో వెనక కాలికి వేలాడదీసుకుని నాభికి తెస్తుంది.

రెక్కలపురుగు, సీతాకోకచిలుక పడితే వరస తిరగబడుతుంది. వాటి ఒంటి మీది పొలుసులు జిగురుకు అంటుకుని ఊడివస్తాయి, పురుగు మాత్రం జారి పోతుంది. కొన్ని సెకన్లే వ్యవధి. చుడుతూ కూర్చుంటే తప్పించుకుంటుంది కాబట్టి సాలీడు ముందు కొరికి గట్టిగా పట్టుకుని, కదలిక ఆగాక చుడుతుంది. మధ్య అమెరికాలోని ఆర్జియోపి మీద 1960ల్లో రాబిన్సన్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశీలనల్లో ఇది స్పష్టంగా తేలింది. మీ వలలో పొలుసుల మరక, చిరుగు ఉండి మూట లేకపోతే రెక్కలపురుగు తప్పించుకుందని రాసుకోండి.

తినడం కూడా చూడదగ్గదే. జీర్ణరసం బయటికి వదిలి, కోరలతో నమిలి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. చివరికి మిగిలేది నల్లటి ఉండ.

---

నల్లగొడుగు | అక్టోబరు 9, సాయంత్రం 6:45

ఆ ఉండలు ఏ పురుగువో తెలుసుకోవాలంటే వల కింద అంచు ఉన్న తెల్ల ట్రే పెట్టండి. నాలుగు మూలలా ట్రే కాళ్లు నీళ్ల మూతల్లో ఉండాలి, లేకపోతే గంటలో చీమలు మోసుకుపోతాయి. ఉండను సన్న పట్టకారుతో విప్పి పదింతల భూతద్దం కింద చూస్తే తల, రెక్క ముక్క, పెంకుపురుగు పై రెక్క దొరుకుతాయి. మెత్తటి దోమల జాడ దాదాపు దొరకదు, అది గుర్తుంచుకుని లెక్క చదవండి.

---

మిద్దెతోట_కుందలహళ్లి | అక్టోబరు 11, ఉదయం 7:25

రెండు ప్రశ్నలు. మెట్ల గది గోడకు మట్టి గూడు కట్టిన ఒక కందిరీగ నిన్న పొద్దున చిన్న సాలీడును ఎత్తుకుపోయింది. ఆ గూడు తీసేయాలా? ఇంకోటి, గోంగూర దగ్గరి ఆర్జియోపి రెండు రోజులుగా వల కట్టడం లేదు. నాలుగైదు పోగులకు వేలాడుతూ కదలకుండా ఉంది. ఆహారం చాలక చచ్చిపోతోందా?

---

రాత్రి_టార్చ్ | అక్టోబరు 11, ఉదయం 8:00

అది మట్టి కందిరీగ, పిల్లల కోసం సాలీళ్లను దాస్తుంది. కుట్టి కదలకుండా చేస్తుంది, చంపదు, మట్టి గదిలో పేర్చి గుడ్డు పెట్టి మూసేస్తుంది. నియోస్కోనా లాంటి గుండ్రటి వల సాలీళ్లే ఆ గదుల్లో తరచుగా దొరుకుతాయి. గూడు ఉంచండి. మనుషుల జోలికి రాదు. మూసిన గది తెరిస్తే లోపలి సాలీళ్లు మళ్లీ లేచి నడవవు.

---

పడుగు_పేక | అక్టోబరు 11, ఉదయం 8:35

మీరు చెప్పిన లక్షణాలన్నీ పొర విడవబోయే సాలీడువి. కుబుసం మార్చే ముందు ఒకటి రెండు రోజులు వల మానేసి, కొద్ది పోగులకు వేలాడుతుంది. పొట్ట ముడతలు పడి కుంచించుకుపోతే ఆకలి అనుకోవచ్చు, నిండుగా, నున్నగా ఉంటే కుబుసమే. విడిచేటప్పుడు తల భాగం మూతలా లేస్తుంది, తర్వాత కాళ్లను తొడుగులోంచి లాగినట్టు ఒక్కొక్కటి తీస్తుంది. ఆ వేళ కదిలిస్తే కాలు వంకరపోతుంది లేదా ఊడుతుంది. నీళ్ల స్ప్రే, ఫొటో ఫ్లాష్, గోంగూర కోత అన్నీ ఆపండి. ఖాళీ పొర పోగుకు వేలాడుతూ కనిపిస్తే పని అయిందన్నమాట. ఒళ్లు గట్టిపడ్డాక మళ్లీ వల వస్తుంది.

దగ్గర్లో దానికి మూడో వంతు కూడా లేని సన్న సాలీడు ఏదైనా తచ్చాడుతోందేమో చూడండి. నోటి పక్కన చిన్న ముంతల్లాంటి ఉబ్బులు ఉంటే మగది. ఆడది చివరి కుబుసం విడిచే వేళ కోసం కాచుకుని ఉంటుంది, అప్పుడు ఆడది కదలలేదు కాబట్టి ప్రాణభయం తక్కువ.

లెక్క పుస్తకంలో ఈ రెండు రోజులకు ‘వల లేదు’ అని రాయండి. ‘పురుగులు సున్నా’ అని రాయకండి. సగటు తీసేటప్పుడు వల ఉన్న రోజులతోనే భాగించాలి.

---

మిద్దెతోట_కుందలహళ్లి | అక్టోబరు 11, ఉదయం 9:10

పొట్ట నిండుగానే ఉందండీ. పైన ఆకు అంచున గోధుమరంగు సన్నది ఒకటి ఉంది, ముంతల్లాంటి ఉబ్బులు కనిపిస్తున్నాయి. పుస్తకంలో సున్నాలు కొట్టేసి ‘వల లేదు’ అని దిద్దాను.